వదిలేసిన గోల్డ్‌ఫిష్‌కు తోడు తెద్దామా? మన నెల్లూరు నీళ్లలో ఏ చేప కుదురుతుంది, ఏది కుదరదు

మా పక్క పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లు జూన్ చివర్లో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత ఓనరమ్మ తాళం తీసి, వంటింట్లోంచి నన్ను కేకేసింది. "ఇట్టా రామ్మా ఒకసారి, ఇందులో చేప ఇంకా కొట్టుకుంటా ఉంది." గట్టు మీద గాజు గిన్నె. నాలుగు లీటర్లు కూడా పట్టదు. నీళ్లు కషాయం రంగుకు తిరిగాయి. అందులో వేలెడంత గోల్డ్‌ఫిష్, తోక అంచులు చిరిగి, నోరు నీటి పైకి పెట్టి గుటకలు వేస్తోంది.

ఇంటికి తెచ్చిన గంటలోపే పిల్లలు మొదలుపెట్టారు. "అమ్మా, ఒక్కటే ఉంది పాపం, తోడుకు ఇంకోటి తెద్దాం." ఆ జాలి నాకూ కలిగింది. ఇట్టా దిక్కులేని చేపను చేరదీసిన ప్రతివాళ్లకూ కలిగేదే. కానీ ఆ మొదటి వారంలో తెచ్చిన తోడు వల్లే ఆ చేప ప్రాణం మీదికి రావచ్చు. ఏ చేప తేవాలన్నది షాపులో రంగులు చూసి తేల్చుకునే మాట కాదు. మన ఇంట్లో ఎన్ని లీటర్ల నీళ్లు ఉన్నాయి, అవి ఎట్టాంటి నీళ్లు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం చేపలు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

ముందు నీళ్ల సంగతి

మా తమ్ముడు ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు చేస్తాడు. ఫోన్ చేసి చెబితే, "అక్కా, ఆ గిన్నెలో కొత్త నీళ్లు మాత్రం పొయ్యబాక, నేను వస్తున్నా" అన్నాడు. గుంట నీళ్లు చూసుకునే కిట్లు తెచ్చి పరీక్ష చేశాడు. అమ్మోనియా, అంటే చేప వదిలే మలినం నుంచి నీళ్లలో చేరే విషం, చూసే మందు చుక్క పడగానే గిన్నె నీళ్ల రంగు ముదిరిపోయింది. పీహెచ్, అంటే నీళ్ల పులుపు కొలత (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), 6కు దిగి ఉంది. మా బోరు నీళ్లు 8.

వాడు ఆపిన కారణం ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. చాన్నాళ్లు మార్చని నీళ్లు మెల్లగా పులిసి పీహెచ్ పడిపోతుంది. ఆ పులుపులో అమ్మోనియా చాలావరకు హాని తక్కువ రూపంలో ఉంటుంది, అందుకే చేప ఎట్టాగో బతుకుతుంది. మనం జాలిపడి అందులోనే సగం బోరు నీళ్లు పోస్తే పీహెచ్ ఎక్కుతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషపు రూపంలోని అమ్మోనియా దాదాపు తొమ్మిది పది రెట్లవుతుంది. వేడి కూడా దాన్ని పెంచుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, నీళ్లు మార్చగానే చచ్చిపోయింది" అని జనం చెప్పేదాని వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

అందుకని గిన్నె నీళ్లు అక్కడే వదిలేసి, చేపను మాత్రం మెత్తటి వలతో తీసి 80 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాం. టబ్బులో సగం బోరు నీళ్లు, సగం క్యాను నీళ్లు. క్యాను నీళ్లు ఆర్.ఓ. ప్లాంటువి, వాటిలో లవణాలు బాగా తక్కువ. బోరు నీళ్ల కాఠిన్యం చేపకు ఒక్కసారిగా తగలకుండా ఉండటానికే అవి. తర్వాత ఐదారు రోజులు కొంచెం కొంచెంగా బోరు నీళ్లు కలుపుతూ వచ్చాను. ఎప్పటికీ క్యాను నీళ్లే వాడదామనుకుంటే అది వేరే తప్పు. లవణాలు లేని నీళ్లలో పీహెచ్ నిలబడదు. కాఠిన్యం ఉన్న బోరు నీళ్లే గోల్డ్‌ఫిష్‌కు ఒంటికి పడతాయి, నోటికి ఉప్పగా తగలనంత వరకు. సముద్రం పక్క ఊళ్లలో బోరు ఉప్పు తేలితే దొరువు నీళ్లో కుళాయి నీళ్లో వాడుకోవాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవాలి. ఒక రోజంతా గాలి పంపు పెట్టి ఉంచండి, లేదా రొయ్యల మందుల షాపులో దొరికే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, 20 లీటర్ల బకెట్‌కు రెండు మూడు పలుకులు వేయండి.

లీటరుకు ఒక గ్రాము లెక్కన కళ్లుప్పు విడిగా కరిగించి పోశాను. అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పు వద్దు. మొదటి రెండు రోజులు మేత వేయలేదు. గోల్డ్‌ఫిష్‌కు మనకున్నట్టు జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకే పోతుంది. అందుకే ఎంత వేసినా ఇంకా కావాలన్నట్టు అద్దం దగ్గరకు వస్తుంది. ఆ చూపుకు కరగకూడదు. మూడో రోజునుంచి కంటి సైజు మేత రెండు పూటలా, మధ్యమధ్యలో ఉడకబెట్టి తొక్క తీసిన బఠానీ. గుడి కోనేట్లో వేసినట్టు బొరుగులు, బ్రెడ్డు ఇంట్లో చేపకు వేయకండి.

పది రోజులకు తోక అంచున నల్లటి మచ్చలు కనబడి నేను భయపడ్డాను. అమ్మోనియాకు కాలిన చోట మానేటప్పుడు అట్టా నలుపెక్కుతుంది. కొన్ని వారాలకు పోతుంది, మా చేపకూ పోయింది.

ఇది అసలు ఏ చేప?

తోడు వెతికే ముందు మన చేతికి వచ్చింది ఏమిటో చూసుకోవాలి. నోటి పక్కన చిన్న మీసాలు ఉంటే అది గోల్డ్‌ఫిష్ కాదు, కోయి పిల్ల. అది రెండడుగులు దాటి పెరుగుతుంది, దానికి ఇంట్లో చోటు లేదు, చెరువులాంటి తొట్టి ఉన్నవాళ్లకు అప్పగించడమే మేలు.

మీసాలు లేకపోతే తోక చూడండి. ఒంటి తోక, పొడవాటి సన్నటి ఒళ్లు ఉంటే మామూలు గోల్డ్‌ఫిష్, కామెట్, షుబుంకిన్ రకాలు. ఇవి 20 నుంచి 30 సెంటీమీటర్లు పెరుగుతాయి, బాణంలా ఈదుతాయి. జంట తోక, గుండ్రటి పొట్ట ఉంటే ఒరాండా, బ్లాక్ మూర్, రెడ్ క్యాప్ లాంటివి. ఇవి 15 నుంచి 20 సెంటీమీటర్లు. నడక నెమ్మది, కొన్నింటికి చూపూ సరిగా ఆనదు. ఈ తేడా తెలియకపోతే కింద నేను చెప్పేదంతా తారుమారవుతుంది.

ఏ రకమైనా ఇది మన బొచ్చె, శీలావతి చేపల కుటుంబమే. చైనాలో వెయ్యేళ్ల కిందట కార్పు జాతి చేపల్లోంచి రంగు చూసి ఏరి పెంచుకుంటూ వచ్చారు. అందుకే ఇది అలమారా మీద పెట్టే బొమ్మలాగా గిన్నెలో ఇమడదు. ఇంగ్లండులో 1956లో ఒక జాతరలో బహుమతిగా ఇచ్చిన టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, అంటే 43 ఏళ్లు బతికింది. అంత కాకపోయినా, నీళ్లు బాగుంటే పది పదిహేనేళ్లు మామూలే. తోడు నిర్ణయం అన్నేళ్లకు సరిపడాలి.

లీటర్ల లెక్క సులువు. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి 28తో హెచ్చించండి. రెండడుగుల ట్యాంకు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అయితే 56 లీటర్లు. జంట తోక చేప ఒక్కదానికే 75 లీటర్లు కావాలి, ఆపైన ప్రతి చేపకూ ఇంకో 40. ఒంటి తోక చేపకైతే ఎదిగాక 200 లీటర్లు కూడా తక్కువే.

ఒంటరిగా ఉంచితే

చిన్నచూపు చూడకండి, మొదటి ఆరేడు వారాలకు ఇంతకు మించిన ఎంపిక లేదు. కొత్త ఫిల్టరులో అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోపు ఇంకో చేప తెస్తే రెట్టింపు అమ్మోనియా. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా, నైట్రేటు లీటరుకు 40 మిల్లీగ్రాముల లోపు వచ్చేదాకా ఆగండి. స్పాంజిని కుళాయి కింద కడిగితే ఆ బ్యాక్టీరియా చస్తుంది, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

గోల్డ్‌ఫిష్ గుంపు చేపే, తోడుంటే ఇంకా హుషారుగా తిరుగుతుంది. అంతమాత్రాన ఒంటరితనంతో చచ్చిపోదు. 56 లీటర్ల ట్యాంకు తప్ప ఇంకేమీ కుదరని ఇంట్లో రెండో చేపను తెచ్చి ఇరికించడం కన్నా, ఉన్న ఒక్కదాన్ని బాగా చూసుకోవడం నూరుపాళ్లు నయం. రోజూ మేత వేసే మనిషిని అది గుర్తుపడుతుంది. నేను వసారాలోకి రాగానే మా చేప నా వైపు మూలకు వచ్చి నిలబడుతుంది, పిల్లలొస్తే రాదు.

ఇంకో గోల్డ్‌ఫిష్ తెస్తే

నీళ్లు సరిపోతే మిగిలిన అన్నిటికన్నా ఇదే మంచిది అని నా గట్టి అభిప్రాయం. ఒకే మేత, ఒకే నీళ్లు, ఒకే వేగం. కాకపోతే ఒంటి తోకకు ఒంటి తోక, జంట తోకకు జంట తోక. కామెట్‌ను, ఒరాండాను కలిపి పెడితే కొట్లాట ఉండదు గానీ, మేత వేసిన అరనిమిషంలో కామెట్ అంతా ఊడ్చేస్తుంది. ఒరాండా చూస్తుండగానే చిక్కిపోతుంది. షాపులో రెండూ ఒకే తొట్టిలో కనబడతాయి, అది చూసి మోసపోవద్దు. సైజు కూడా దగ్గర దగ్గరగా ఉండాలి.

ఇంకో మాట. మగ చేపకు జత కట్టే కాలంలో మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున తెల్లటి చిన్న చుక్కలు లేస్తాయి. అది రోగం కాదు. ఒళ్లంతా, తోక మీద కూడా ఉప్పు చల్లినట్టు చుక్కలుంటేనే తెల్లమచ్చ రోగం. ఆ కాలంలో మగది ఆడదాన్ని వెంటపడి తరుముతుంది, చిన్న ట్యాంకులో ఆడ చేపకు దాక్కునే చోటు కూడా దొరకదు. అప్పటికప్పుడు మధ్యలో అడ్డు పెట్టే ఏర్పాటు ఉంచుకోండి. గిన్నెలో నలిగి వచ్చిన చేప ఆడదైతే దానికి పూర్తిగా కండ పట్టేదాకా జత తేవద్దు.

జీబ్రా చేపలు

బయటి దేశాల సలహాల్లో తరచూ ఒక మాట ఉంటుంది. గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ల చేప, మిగతా రంగు చేపలు వేడినీళ్లవి, కలపకండి అని. 18 నుంచి 24 డిగ్రీలు దానికి హాయి అన్నది నిజమే. కానీ నెల్లూరులో, ఒంగోలులో హాలులో పెట్టిన ట్యాంకు ఏడాదిలో ఎక్కువ రోజులు 27 పైనే ఉంటుంది, రోహిణి కార్తెలో 32 దాటుతుంది. మనకు తంటా డిగ్రీల తేడా కాదు, గాలి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల్లో 7.5కు మించి కరగదు. గోల్డ్‌ఫిష్‌కు గాలి ఎక్కువ కావాలి. కాబట్టి తోడు వచ్చే చేప ఆ గాలిలో ఎంత వాటా తీసుకుంటుందన్నదే చూడాలి.

అక్కడ జీబ్రా గెలుస్తుంది. మన దేశపు ఏరుల్లో పుట్టిన చేప, నాలుగు సెంటీమీటర్లు, చల్లదనానికీ వేడికీ తట్టుకుంటుంది, షాపుల్లో చవగ్గా దొరుకుతుంది. నీటి పై భాగంలో తిరుగుతుంది, గోల్డ్‌ఫిష్‌కు అడ్డం రాదు. ఒకటి రెండు తెస్తే బెదిరిపోతాయి, లేదా పక్కచేప రెక్కలు గిల్లుతాయి. ఆరుకు తగ్గకుండా తేవాలి. ఒంటి తోక గోల్డ్‌ఫిష్‌కు ఇవి బాగా కుదురుతాయి. పొడుగు రెక్కల ఒరాండాకు వీటి పరుగు కాస్త విసుగు, అక్కడ నేను సిఫారసు చేయను. గోల్డ్‌ఫిష్ నోట్లో పట్టే చేపను తినేస్తుందన్నది గుర్తుంచుకోండి. అది జానెడు పొడవుకు చేరేసరికి జీబ్రాలను వేరు చేయాల్సిందే.

సక్కర్ ఫిష్ మాత్రం వద్దు

గోల్డ్‌ఫిష్ కొనబోతే షాపులో చాలాసార్లు దీన్ని కూడా చేతిలో పెడతారు. "పాచి అంతా తినేస్తుంది, ట్యాంకు కడగక్కర్లేదు" అంటారు. చిన్నప్పుడు పాచి తినడం నిజమే. పెద్దయ్యాక పాచితో దాని కడుపు నిండదు. రాత్రిపూట నెమ్మదిగా నిద్రపోతున్న గోల్డ్‌ఫిష్ పక్కకు అంటుకుని ఒంటి మీది జిగురు పొరను గీకి తింటుంది. తెల్లారి చూస్తే పొలుసులు లేచి, ఎర్రటి గాట్లు. ఆ జిగురు పొరే చేపకు రోగాల నుంచి కాపుదల. గిన్నెలోంచి వచ్చిన చేపకు అది ముందే పలచబడి ఉంటుంది. పైగా అడుగు దాటి పెరుగుతుంది, బోలెడు మలం వదులుతుంది. ట్యాంకు శుభ్రం చేయడం మాట అటుంచి ఇంకా మురికి చేస్తుంది.

చేపల రైతులు దెయ్యం చేప, డెవిల్ ఫిష్ అని తిట్టుకునేది ఈ జాతినే. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియాలకు వచ్చి, పెరిగాక భరించలేక జనం చెరువుల్లో వదిలేస్తే అక్కడ పిల్లలు పెట్టి పాతుకుపోయింది. ఎముక పలకల్లాంటి ఒళ్లు, వలలు చింపుతుంది, గట్లలో బొరియలు చేస్తుంది, నీళ్లలో గాలి తగ్గినా పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే దయచేసి స్వర్ణాల చెరువులోనో, పెన్నలోనో, పక్కనున్న కాలువలోనో వదలకండి. పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇవ్వండి, షాపువాళ్లకు తిరిగివ్వండి. ఈ మాట గోల్డ్‌ఫిష్‌కు కూడా వర్తిస్తుంది. పెంచలేకపోతే చెరువు దారి కాదు.

మిగతావి, త్వరత్వరగా

టైగర్ బార్బ్ రెక్కలు కొరుకుతుంది, వద్దు. ఏంజెల్, ఫైటర్ రెండూ వద్దు. గప్పీలు గోల్డ్‌ఫిష్‌కు పలహారం, పిల్లల కళ్ల ముందే మింగుతుంది. దోమల కోసం కాలువల్లో, బావుల్లో వదిలే గంబూషియా చేపలను ఊరికే వస్తాయి కదా అని కొందరు పట్టుకొస్తారు. అవి తోక కొరికే రకం. షార్క్ పేరుతో అమ్మే వెండిరంగు చిన్న చేప మరేదో కాదు, మన చేపల చెరువుల్లో పెంచే పంగస్. మీటరు దాటి పెరుగుతుంది. నత్తలు పెడదామంటే, చిన్నవైతే గోల్డ్‌ఫిష్ తినేస్తుంది, పెద్దవైతే వాటి మీసాలు కొరుకుతుంది.

చేపల చెరువు నుంచి చిన్న చేపలు, నాచు, గుర్రపుడెక్క తేవాలనే ఆలోచన మన దగ్గర అందరికీ వస్తుంది, చుట్టూ నీళ్లే కాబట్టి. మా తమ్ముడే తెస్తానన్నాడు, నేనే వద్దన్నాను. బొచ్చె, శీలావతి చెరువుల్లో చేప పేను ఉంటుంది, ఆర్గులస్ అంటారు. గోల్డ్‌ఫిష్ కూడా అదే కుటుంబం కాబట్టి ఆ పేను దీనికీ అంతే సులువుగా పడుతుంది.

ఎప్పుడు తేవాలి, ఎట్టా కలపాలి

నా సలహా, కార్తీకం నుంచి సంక్రాంతి లోపు. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు పడి నీళ్లు చల్లబడే కాలం అదే, నీళ్లలో గాలి కూడా బాగా నిలుస్తుంది. మే నెలలో మాత్రం కొత్త చేప జోలికి పోవద్దు. ఎండాకాలంలో ఉన్నదాన్ని కాపాడుకోవడమే పెద్ద పని. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం సలసల కాగుతుంటాయి, తెల్లారుజామునే పట్టి పెట్టుకోండి. మూత తీసి నీటి మీదికి ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, పైన దోమతెర గుడ్డ కడితే చేప దూకదు. కరెంటు పోతే నడిచే బ్యాటరీ గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

తెచ్చిన తోడును నేరుగా ట్యాంకులో వేయకండి. నాలుగు వారాలు వేరే టబ్బులో, వేరే వల, వేరే మగ్గుతో. కవరు నీళ్లు పారబోయండి. ఇంత శ్రమ ఎందుకంటే, రోగం తెచ్చేది కొత్తది, పోయేది మాత్రం అప్పటికే బలహీనంగా ఉన్న పాతది.

మా చేప కామెట్ అని తేలింది. ఇప్పుడు మూడడుగుల ట్యాంకులో ఉంది, 130 లీటర్లు. ఆరు జీబ్రాలు పక్క టబ్బులో ఉన్నాయి, వచ్చే ఆదివారానికి నాలుగు వారాలు నిండుతాయి. నిన్న రాత్రి రెండు చోట్లా నీళ్లు పరీక్ష చేశాను, అమ్మోనియా సున్నా. పిల్లలు అడిగిన రెండో కామెట్ సంగతి ఇంకా తేలలేదు. పెరట్లో నేరేడు చెట్టు నీడలో నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతుతో సిమెంటు తొట్టి కట్టించాం. కొత్త సిమెంటులో సున్నం ఊరుతూనే ఉంది, పీహెచ్ ఇంకా 9 పైనే చూపిస్తోంది. ప్రతి మూడు రోజులకూ నీళ్లు పారబోసి మళ్లీ నింపుతున్నాం. ఓనరమ్మ చెప్పిందని అరటి బోదె ముక్కలు కోసి అందులో వేశాను, నానుతున్నాయి.